కురియని మంచు – కురిసిన కప్పు



ముప్పయ్యేళ్ళకు పైగా పాఠశాలలో సంధులూ సమాసాలూ చెప్పి, పిల్లలచేత గణాలు లెక్కపెట్టించి, విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితునికి ఇంటికప్పుల చరిత్రతో ఏమి పని అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. ఒక శీతకాలమంతా ఒక కప్పు క్రింద పడుకొని, అది ఎందుకు కారుతున్నదో తెలియక ఒకరిని నొప్పించి, తెలిసిన తరువాత సిగ్గుపడి, ఆ సిగ్గు తీరక చదవగా చదవగా పోగైన సంగతులివి. 2025 అక్టోబరు 27న ఇంగ్లండులో ఒక చట్టం అమలులోకి వచ్చింది. ఆ వార్త చూసిననాడు ఇక వ్రాయకుండా ఉండటం తగదనిపించింది. ఆ చట్టమేమిటో చివర మనవి చేస్తాను. ముందు ఇంటి సంగతి చిత్తగించండి.

2022 నవంబరు మొదటివారంలో నేనూ, మా ఆవిడా లండను శివారులో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. అది 1930ల నాటి ఇల్లు. రెండిళ్ళు ఒకే గోడను పంచుకొని కవలల్లా నిలబడి ఉంటాయి. పైన ఎర్రపెంకుల వాలుకప్పు. ఆ కప్పు క్రింది అటకను పూర్వపు యజమాని పడకగదిగా మార్పించాడట. వాలుకప్పు క్రింద మనిషి తలయెత్తి నిలబడే చోటు తక్కువ కనుక, వెనుకవైపు కప్పును కోసి, ఒక పెద్ద పెట్టె బయటికి పొడుచుకువచ్చినట్లుగా కట్టి, దానికి నిలువు కిటికీ పెట్టి, పైన చదునుగా కప్పు వేస్తారు. దీనిని డార్మర్ అంటారు. ఆ దేశపు ఊళ్ళలో రైలులో పోతూ చూస్తే ఇళ్ళ వీపుల మీద మూపురాల్లాగా ఇవి వరుసగా కనబడతాయి.

పాత అలవాటు పోదు కదా, ఆ మాట పుట్టుకేమిటో వెదికాను. నిద్రించు అనే అర్థం గల లాటిన్ ధాతువునుండి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట అది. అంటే పడకగది కిటికీ. ఇంకొక చమత్కారం కూడా దొరికింది. ఇంగ్లీషులో కిటికీకి వాడే విండో అనే మాట, పూర్వపు స్కాండినేవియా భాషలో ‘గాలికన్ను’ అనే సమాసమట. మన సంస్కృత నిఘంటువుల్లో కిటికీకి రెండు పేర్లు ప్రసిద్ధం: ఒకటి గవాక్షం, రెండవది వాతాయనం. మొదటిదానిలో కన్ను ఉన్నది, రెండవదానిలో గాలి ఉన్నది. వాతమునకు అయనం, అనగా గాలి నడిచే దారి. ఎక్కడి ఉత్తరధ్రువపు మంచుదేశం, ఎక్కడి మన వేసవిదేశం! ఇద్దరికీ ఇంటిలో తొలుత కావలసినది గాలిదారి అనే తోచింది. ఈ వాతాయన శబ్దాన్ని దయచేసి గుర్తుంచుకోండి. కథంతా దానిమీదనే తిరుగుతుంది.

ఆ డార్మరు గది మా మనుమరాలిది. మేము వచ్చామని ఆ పిల్ల తల్లిదండ్రుల గదిలోకి మారి, తన గదిని మాకిచ్చింది. క్రిందటి శీతకాలమంతా దానికి దగ్గు. కిటికీకి పైన గోడా కప్పూ కలిసే మూలలో నల్లని బూజు పట్టి ఉన్నది. తుడిస్తే పోయి, పదిరోజులకు మళ్ళీ వస్తున్నది. కప్పు కారుతున్నదనుకొని మా అబ్బాయి ఆ వేసవిలోనే పైన ఉన్న పాత తారుఅట్ట తీయించి కొత్తది వేయించాడు. కొన్ని వేల పౌండ్ల ఖర్చు. మేము వెళ్ళిన నెలరోజులకు, డిసెంబరు రెండవ వారంలో ఒక ఉదయం, దుప్పటి మీద చల్లగా ఒక చుక్క పడింది. ఇంతలో ఇంకొకటి.

పైకప్పు పనివాణ్ణి మళ్ళీ పిలిచారు. అతడు నిచ్చెన వేసుకొని ఎక్కి చూసి, తాను వేసిన అట్ట నిక్షేపంగా ఉన్నదన్నాడు. దిగివచ్చి వంటింట్లోకి తొంగిచూసి, “మీరు వంట ఎక్కువ చేస్తారు, ఆవిరి ఎక్కువ, బట్టలు ఇంట్లో ఆరేస్తారు, కిటికీలు తెరవరు, మీ జీవనవిధానం మార్చుకోండి” అని చెప్పి పోయాడు. అవి చలి విపరీతంగా ఉన్న రోజులు. గ్యాసు ధరలు ఆకాశాన్నంటి, ఆ దేశంలో అందరూ హీటరును తగ్గించుకొని, కిటికీ సందులకు టేపులు అంటించుకొని కూర్చున్న ఏడు. కిటికీలు తెరవమంటే ఎవరు తెరుస్తారు?

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఆ పనివాడి మాట నాకు శాస్త్రంలాగా వినిపించింది. కోడలితో, “అమ్మా, ఆ ఇడ్లీపాత్ర కొన్నాళ్ళు పైన పెట్టరాదూ? అన్నం కూడా మూతపెట్టి వండు. పిల్ల దగ్గు చూస్తున్నావు కదా” అన్నాను. అంటే పిల్ల దగ్గుకు తల్లి వంటే కారణమన్నట్లే కదా. “అలాగే మామయ్యగారూ” అన్నది. అంతే అన్నది. మూడువారాలు ఆ ఇంట్లో ఇడ్లీ లేదు. బట్టలు తీసుకుపోయి గడ్డకట్టే చలిలో గ్యారేజీలో ఆరవేసింది. అవి ఆరలేదు, గది కారటమూ ఆగలేదు.

ఉద్యోగంలో ఉన్నప్పటినుండీ దినచర్య వ్రాసుకునే అలవాటు నాకు. పొద్దుపోక ఆ పుస్తకంలో వాతావరణం ఒక గడిలోనూ, చుక్కలు పడినదీ లేనిదీ ఇంకొక గడిలోనూ గుర్తుపెట్టాను. పదిపన్నెండు రోజులకు పుస్తకం తిరగేస్తే వింత కనబడింది. వాన పడిన రోజున ఒక్క చుక్క లేదు. మబ్బుపట్టి ముసురుగా ఉన్న రాత్రి తెల్లవారినా లేదు. ఆకాశం నిర్మలంగా ఉండి, చుక్కలు స్ఫుటంగా కనబడి, గడ్డిమీద తెల్లగా మంచు పేరుకున్న రాత్రి తరువాత, ఉదయం పది గంటలకు ఎండ కప్పుమీద పడగానే టపటపమని చుక్కలు! వానకు కారని కప్పు వెన్నెలకు కారుతున్నది.

మన భాషలో ఇల్లు కారితే ‘ఇల్లు కురుస్తున్నది’ అంటాము. మంచు పడితే ‘మంచు కురుస్తున్నది’ అంటాము. రెంటికీ ఒకే క్రియ. తెలియకుండానే మన పూర్వులు ఈ రెండింటినీ ఒకచోట చేర్చారు. అయితే రెండుచోట్లా ఆ క్రియ మనల్ని మోసం చేస్తున్నది. మంచు పైనుండి కురియదు. మా అబ్బాయి ఇల్లూ పైనుండి కురియలేదు.

మంచు కురియదని ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడు విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు. 1757లో అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టి, లండనులో వైద్యం చేస్తూ స్థిరపడ్డాడు. ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా ఊరి వెలుపల ఒక స్నేహితుని తోటలో రాత్రులు జాగారం చేసి, సమానమైన తూకంగల ఉన్నిపింజెలను గడ్డిమీద, పలక పైన, పలక క్రింద, రకరకాలుగా ఉంచి, తెల్లవారి తూచి, ఏది ఎంత తడిసిందో వ్రాసుకున్నాడు. పలక పైన ఉన్న పింజె బరువెక్కింది. పలక చాటున ఉన్నది స్వల్పంగానే తడిసింది. మబ్బురాత్రి అన్నీ దాదాపు పొడిగానే ఉన్నాయి. వస్తువు ముందు చల్లబడుతుంది, తడి తరువాత చేరుతుంది, తడివలన చలువ కాదు, చలువవలన తడి అని ఆయన తేల్చాడు. నిర్మలాకాశం క్రింద ఉన్న వస్తువు తన వేడిని ఆకాశంలోకి వికిరణం చేసి, చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడుతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలాగా అడ్డుపడుతుంది. ఈ సంగతులతో ఆయన 1814లో మంచును గురించి వ్యాసం ప్రకటించాడు. రాయల్ సొసైటీవారు రమ్‌ఫర్డ్ పతకమిచ్చారు. 1817లో మరణించాడు. రెండు శతాబ్దాలు దాటిన తరువాత ఒక తెలుగు పంతులు దినచర్య పుస్తకంలో ఆయన ఉన్నిపింజెలే చుక్కలై పడ్డాయి.

లెక్క కూడా చూడండి. 20 డిగ్రీల గాలి ఒక ఘనమీటరులో గరిష్ఠంగా సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. అదే గాలి 0 డిగ్రీలకు చల్లబడితే 5 గ్రాములకు లోపే. మిగిలినది నీరై తీరవలసిందే. గదిలో 20 డిగ్రీల వేడి, 60 శాతం ఆర్ద్రత ఉన్నాయనుకుంటే, 12 డిగ్రీలకు తగ్గిన ఏ తలమైనా ఆ గాలికి తగిలితే తడుస్తుంది. దీనినే తుషారబిందువు అంటారు. ఇక ఆవిరి ఎక్కడినుండి? నిద్రించే మనిషి ఊపిరితో, చెమటతో గంటకు 40 గ్రాముల దాకా తేమను విడుస్తాడు. ఇద్దరు ముసలివాళ్ళు తలుపు మూసుకొని ఎనిమిది గంటలు పడుకుంటే 640 గ్రాములు. అర లీటరు పైచిలుకు! వంటిల్లు రెండంతస్తుల క్రింద ఉన్నది. ఆ గదిలో అర లీటరు నీరు పోస్తున్నది నేనూ, మా ఆవిడానూ.

అయితే మనుషులు ఊపిరి పీల్చడం ఈనాటిది కాదు. పూర్వం ఈ ఇళ్ళు ఎందుకు తడవలేదు? ఇక్కడే అసలు చరిత్ర మొదలవుతుంది.

ఆ దేశంలో 20వ శతాబ్దం నడుమ దాకా ప్రతి ఇంట్లోనూ బొగ్గుపొయ్యి మండేది. పొయ్యికి పొగగొట్టం. మంటకు గాలి కావాలి కనుక ఆ గొట్టం తలుపు సందులనుండి, కిటికీ సందులనుండి చల్లగాలిని లాగి, గదిలోని తేమగాలిని పొగతోపాటు పైకి తోసేది. ఎవరూ కోరకుండానే ప్రతి గదికీ ఒక వాతాయనం. అటకలో ఉష్ణబంధకం లేదు కనుక క్రిందివేడి పైకి పోయి కప్పును కూడా వెచ్చగా ఉంచేది. ఇల్లు చలిదే గాని, పొడిది.

1952 డిసెంబరులో లండనును అయిదురోజులు పొగమంచు కమ్మింది. అప్పటి లెక్కలో నాలుగువేలమంది, తరువాతి పరిశోధకుల లెక్కలో అంతకు చాలా ఎక్కువమంది మరణించారు. 1956లో స్వచ్ఛవాయు చట్టం వచ్చింది. బొగ్గుపొయ్యిలు క్రమంగా పోయాయి, పొగగొట్టాలు మూసివేశారు, వేడినీటి గొట్టాల హీటర్లు వచ్చాయి. ఊరి గాలిని బాగుచేసే చట్టమే ఇంటి గాలిదారిని మూసింది. 1973లో చమురు సంక్షోభం. ఇంధనం పొదుపు చేయాలని అటకల్లో దళసరి ఉష్ణబంధకాలు పరిచారు, కిటికీలకు జోడు అద్దాలు బిగించారు. ప్రతి పనీ మంచిపనే. అన్నీ కలిసి కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. గది వెచ్చబడింది, తేమ లోపలే నిలిచింది, ఉష్ణబంధకానికి అవతలనున్న చెక్క మునుపటికంటే చల్లబడింది.

ఈ చిక్కును ముందుగా ఎదుర్కొన్నవారు అమెరికావారు. 1930లలో అక్కడి కొయ్యయిళ్ళ గోడల్లో ఉష్ణబంధకం నింపడం మొదలుపెట్టగా, బయటి రంగు పొక్కి ఊడిపోసాగింది. ఈ కొత్త పదార్థం నీటిని లాగుతున్నదని రంగులవారు, రంగే నాసిరకమని ఉష్ణబంధకంవారు. నేరం నీదంటే నీదని వాదులాట. విస్కాన్సిన్ రాష్ట్రంలోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలకు చెందిన టీస్‌డేల్ 1937లో గోడలలో, అటకలలో కలిగే సాంద్రీకరణాన్ని గురించి వివరించాడు. మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆచార్య ఫ్రాంక్ రౌలీ ప్రయోగాలు చేసి, వేడి ఎట్లా గోడగుండా ప్రవహిస్తుందో ఆవిరి కూడా అట్లాగే ఎక్కువ ఒత్తిడినుండి తక్కువ ఒత్తిడికి ప్రవహిస్తుందని చెప్పాడు. వెచ్చనివైపున ఆవిరికి అడ్డుపొర, చల్లనివైపున గాలి ఆడేదారి అనే సూత్రం అప్పటినుండి ప్రచారంలోకి వచ్చింది.

ఆ గాలిదారి ఎంత ఉండాలి? అటక నేల వైశాల్యంలో మూడువందలవ వంతు అని అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ 1942లో నిర్ణయించింది. ఆ సంఖ్య నేటికీ నిబంధనల్లో నడుస్తున్నది. తరువాతి కాలంలో విలియం రోజ్ అనే పరిశోధకుడు తవ్వి చూసి, దాని పునాదిగా ఉన్న ప్రయోగాలు బహు స్వల్పమని చూపించాడు. ఒకరు అన్నమాట మరొకరు పట్టి, పాఠపరంపరగా శాసనమైపోవడం మన వ్యాకరణాలలోనే అనుకున్నాను. ఇంజనీర్లలోనూ ఉన్నదన్నమాట! జర్మనీలో హెల్మూట్ గ్లాజర్ 1950ల చివర, శీతల గిడ్డంగుల గోడల కోసం, ఏ పొరలో ఆవిరి నీరవుతుందో గీత గీసి కనిపెట్టే పద్ధతి కల్పించాడు. ఆ పద్ధతే పిమ్మట ఇళ్ళకూ వచ్చింది. బ్రిటనులో ఈ విషయమై ప్రమాణపత్రం మొదట 1975లో వెలువడింది. బీఎస్ 5250 అని దాని పేరు. 1989, 2002, 2011, 2021లలో దానిని తిరిగి సవరించారు. అన్నిసార్లు సవరించవలసి వచ్చిందంటేనే విషయం ఎంత జారుడుదో తెలుస్తుంది.

ఇప్పుడు చదునుకప్పు దగ్గరకు వద్దాం. వాలుకప్పు పెంకుల సందుల్లోనుండి ఎంతోకొంత గాలి ఆడుతుంది. చదునుకప్పు సంగతి అది కాదు. దూలాలమీద ప్లైవుడ్డు పలక, దానిమీద తారుఅట్ట. ఆ అట్ట వానను ఎంత బాగా ఆపుతుందో ఆవిరిని కూడా అంత బాగా ఆపుతుంది. అది ఉన్నదేమో చల్లనివైపు. అంటే రౌలీ చెప్పిన సూత్రానికి సరిగ్గా తలక్రిందులు. గదిలోని ఆవిరి సీలింగు సందుల్లోనుండి పైకి పోయి, ఉష్ణబంధకాన్ని దాటి, మంచుకు చల్లబడిన పలక అడుగున తగిలి, పైకి పోయే దారిలేక అక్కడే నీరై, గడ్డకట్టి, ఎండ రాగానే కరిగి తిరిగి వస్తుంది. దీనిని ‘చల్లకప్పు’ పద్ధతి అంటారు. దీనికి విరుగుడుగా నిబంధనలు చెప్పినదేమంటే, ఉష్ణబంధకానికీ పలకకూ నడుమ 50 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, ఆ ఖాళీకి రెండు ఎదురెదురు చివరలా నిడివిపొడవునా 25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. గాలి ఈ చూరులో దూరి ఆ చూరులో వెడలాలి.

డార్మరుకు ఎదురెదురు చూర్లు ఎక్కడివి? ముందువైపు చూరు ఉన్నది. వెనుకవైపు అది ప్రధానమైన కప్పులో కలిసిపోయింది. దూలాలు ముందునుండి వెనుకకు పోతాయి కనుక పక్కలనుండీ గాలి అడ్డంగా పోలేదు. ఒక చివర మూసిన వేణువులో ఊదినట్లు. సందు ఉన్నా గాలి కదలదు. అందుకే చల్లకప్పును కట్టకపోవడమే మేలని స్కాట్లండు మార్గదర్శకాలు చెబుతాయి.

ఈ సంగతులన్నీ చదివి అబ్బాయికి చెప్పాను. “నాన్నగారూ, మీరు చెప్పింది నిజమైతే సీలింగులో ఒక మూల కోసి చూద్దాం” అన్నాడు. జనవరిలో ఒక శనివారం దీపాల పక్కన చదరంగా కోశాడు. చేయి పెడితే ఉన్ని తడిసిన మేకబొచ్చులాగా ఉన్నది. ఖాళీ అన్నదే లేదు. 150 మిల్లీమీటర్ల దూలం ఎంత ఎత్తుందో అంత ఎత్తూ ఉష్ణబంధకం కుక్కివేశారు. ఎక్కువ వేస్తే ఎక్కువ వెచ్చదనం అనుకున్నారు కాబోలు. సీలింగులో ఆరు దీపాలు గుంటలు కోసి బిగించారు, ఆరు గుంటలూ ఆరు ఆవిరిగొట్టాలు. పక్కన ఉన్న స్నానాలగది ఫ్యానుగొట్టం బయటికి పోలేదు. ఆ కప్పు బోలులోనే ఆగిపోయి, స్నానపు ఆవిరినంతా అక్కడే వదులుతున్నది. పైన పలక వేలితో నొక్కితే తాటిబెల్లంలాగా విరిగింది.

ఇన్నేళ్ళుగా ఆ గదిని తడిపినది నా కోడలి ఇడ్లీ కాదు.

2023 మార్చిలో మరమ్మతు జరిగింది. ఈసారి వచ్చిన మేస్త్రి నిదానస్థుడు. చల్లకప్పును వెచ్చకప్పుగా మార్చాలన్నాడు. సూత్రం ఇంతే: ఉష్ణబంధకాన్ని పలక క్రింద కాక పలక పైన పెట్టాలి. తడిసిన ఉన్ని అంతా తీసివేశారు. కుళ్ళిన పలకలు మార్చి, వాటిమీద ఆవిరి అడ్డుపొర పరిచి, ఆ పైన 120 మిల్లీమీటర్ల గట్టి ఉష్ణబంధకపు పలకలు పేర్చి, అన్నిటికీ పైన నీరు చొరని పొర వేశారు. అప్పుడు దూలాలూ, పలకా గదితోపాటు వెచ్చగా ఉంటాయి. తుషారబిందువు ఉష్ణబంధకం నడుమ పడుతుంది, కాని అక్కడికి ఆవిరి చేరదు.

ఇందులో ఒక మెలిక. మునుపు గాలికోసం వదిలిన చూరు సందును ఇప్పుడు మూసివేయాలి. లేకపోతే వెచ్చకప్పు క్రిందికి చల్లగాలి దూరి, పెట్టిన ఉష్ణబంధకం వ్యర్థమవుతుంది. సగం చల్లకప్పు, సగం వెచ్చకప్పు అన్నది రెండింటికీ చెడిన రేవడి. రెండవ చిక్కు, కప్పు ఎత్తు పెరుగుతుంది. ఇంగ్లండులో అనుమతిపత్రం లేకుండా కట్టుకునే డార్మరు అసలు కప్పు కొప్పును మించి లేవకూడదు. మా అదృష్టం, ఇది కొప్పుకు ఒక అడుగు క్రిందుగా ఉన్నది. అంత చోటు లేనివారు ఆ చల్లకప్పుతోనే వేగవలసి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల ఖాళీ తిరిగి కల్పించి, ముందు చూరులో సందు తెరిచి, వెనుక కొప్పు దగ్గర గాలి వెడలే గొట్టాలో, పెంకులో అమర్చి, సీలింగు సందులన్నీ మూసుకోవాలి. రెండవ తరగతి వైద్యమే గాని, వైద్యమే. ఇక స్నానాలగది గొట్టాన్ని గోడ బయటికి పొడిగించారు. కిటికీ పైచట్రంలో గాలికోసం ఉండే చిన్నసందులకు అంటించిన టేపు మా అబ్బాయే పీకివేశాడు. కప్పుకు గాలి అవసరం తీరిందని గదికి తీరదు. ఊపిరి తేమ ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా.

చట్టం సంగతి చెబుతానన్నాను. మేము వెళ్ళిన పదిరోజులకు, 2022 నవంబరు 15న, టీవీలో ఒక వార్త వచ్చింది. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇషాక్ అనే పసివాడు 2020 డిసెంబరులో, రెండవ పుట్టినరోజు దాటిన కొన్నిరోజులకే మరణించాడు. చిన్న అద్దె వాటాలో గోడలనిండా బూజు. దానిని దీర్ఘకాలం పీల్చడం వలననే ఆ పిల్లవాడి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని మరణవిచారణాధికారిణి ఆనాడు తేల్చింది. తల్లిదండ్రులు సూడాన్ దేశంనుండి వచ్చినవారు. బూజు గురించి మొరపెట్టుకుంటే పైన రంగు వేసుకోమన్నారట. మీ స్నానాలు, మీ జీవనవిధానం కారణమన్నారట. విచారణలో బయటపడినది ఆ గాలి వెడలే ఏర్పాటులోని లోపం. ఆ పిల్లవాడి పేరిట నిబంధన చేర్చి 2023లో చట్టం చేశారు. ప్రభుత్వ సహాయంతో నడిచే అద్దెయిళ్ళలో ప్రమాదకరమైన తేమ, బూజు ఉంటే యజమాని నిర్ణీత గడువులోగా పరిశీలించి బాగుచేయాలి. అదే 2025 అక్టోబరు 27న అమలులోకి వచ్చినది.

ఆ వార్త విని నేనూ ‘అయ్యో’ అన్నాను. సరిగ్గా నెల తిరగకుండా నా కోడలితో అదే మాట అన్నాను. జీవనవిధానం అనే మాట నా నోట రాలేదు గాని, ఇడ్లీపాత్ర అనే మాట వచ్చింది. అర్థం ఒకటే. ఊపిరి తీయడం, వండుకోవడం, స్నానం చేయడం, తడిబట్ట ఆరవేసుకోవడం, ఇవి మనిషి బ్రతుకు. బ్రతికే మనుషుల కోసం ఇల్లు కట్టాలి గాని, ఇంటికోసం ఊపిరి బిగబట్టమనడం ఏమి న్యాయం? అమెరికాలో రంగు పొక్కిన నాటినుండి నేటివరకూ ఈ చరిత్రలో ముందు జరిగేది నింద, తరువాత జరిగేది పరిశీలన. ఆ వరుస తప్పు.

మార్చిలో పని పూర్తయిన ఉదయం వంటింట్లోకి వెళ్ళి, “అమ్మా, తప్పు నాది. ఇడ్లీ పెట్టు” అన్నాను. అంతకంటే పెద్దమాట నాకు రాలేదు. మా కోడలు నవ్వి, “పిండి రాత్రే రుబ్బాను మామయ్యగారూ” అన్నది.

కడప జిల్లాలోని మా పల్లెలో నేను పుట్టిన మిద్దె జ్ఞాపకం వస్తున్నది. దూలాలు, దంతెలు, పైన చౌడుమట్టి. ఏటేటా వానకు ముందు కొత్తమట్టి తోలవలసిందే, అయినా ఏదో ఒక మూల కురుస్తూనే ఉండేది. ఆ కప్పుకు నడుమ గవాచి. వెలుతురు అందులోనుండే వచ్చేది, పొయ్యి పొగ అందులోనుండే పోయేది. వాన వస్తే మిద్దె ఎక్కి దానిమీద బండ మూయడం నా వంతు పని. వాన వెలవగానే మా నాయనమ్మ క్రిందనుండి కేక వేసేది, “గవాచి తెరువురా, ఇంటికి ఊపిరాడొద్దా!” అని. చదువురాని మనిషి. ఇల్లు ఊపిరాడనిది అయితే తప్పు ఇంట్లోవాళ్ళది కాదనీ, బండ తీయవలసిన వాళ్ళదనీ ఆమెకు తెలుసు.

మరమ్మతు జరిగిన తరువాత ఆ ఇంట్లో శీతకాలాలు గడిచాయి. చుక్క పడలేదని అబ్బాయి ఫోనులో చెబుతూ ఉంటాడు. నిర్మలమైన రాత్రులలో గడ్డిమీద మంచు మాత్రం యథాప్రకారం చేరుతూనే ఉన్నదట. కురియడం లేదు సుమా, చేరుతున్నది. మనుమరాలు తన గదిలో, తన గాలికన్ను క్రింద పడుకుంటున్నది.

మీలో ఎవరి ఇంటనైనా వానలేని కాలంలో కప్పు తడిసి ఉంటే, ముందు దినచర్య పుస్తకం తీయండి. ఇంట్లోవాళ్ళను ఏమైనా అనడం ఆ తరువాత చూసుకోవచ్చు.

సెలవు.